ఫైటర్ చేప ఒంటి తీరు

తెలుగు ఊళ్ల అక్వేరియం దుకాణాల్లో ఫైటర్ అన్న పేరుతో అమ్ముడయ్యే చిన్న చేపే బెట్టా. శాస్త్రీయంగా దీని పేరు బెట్టా స్ప్లెండెన్స్, కుటుంబం ఒస్ఫ్రోనెమిడే, పుట్టిల్లు థాయిలాండ్ మధ్య మైదానాల్లోని వరిమళ్లు, గడ్డి కమ్మిన కాలువలు, లోతులేని మడుగులు. మొప్పలతో పాటు తలలో ఉండే లాబిరింత్ అనే మడతల అవయవంతో పైగాలిని కూడా పీల్చుకోగలదు కాబట్టి గాలిపంపు లేని సీసాలోనూ ప్రాణం నిలుపుకుంటుంది. మగవి రెండు ఒకచోట పడితే కొట్టుకుంటాయి కాబట్టి విడిగానే ఉంచాలి. ఈ రెండు లక్షణాల వల్లే గోదావరిఖని, రామగుండం, ఎయిటింక్లైన్ కాలనీ లాంటి బొగ్గుబెల్టు ఊళ్లలో పెద్ద తొట్టికి చోటు లేని సింగరేణి క్వార్టర్లలో కూడా ఇది ఇమిడిపోతుంది. కొనేవాళ్లు ముందు రంగు చూస్తారు, తర్వాత తోక చూస్తారు. అమ్మేవాళ్లు కూడా వెయిల్‌టెయిల్, క్రౌన్‌టెయిల్, హాఫ్‌మూన్ అని తోకను బట్టే పేరు చెప్పి ధర కడతారు. ఒంటిని పట్టించుకునేవాళ్లు తక్కువ. నిజానికి ఈ చేప గురించి తోక చెప్పేది కొంచెం, ఒళ్లు చెప్పేది ఎక్కువ. అది ఏ వంశంలోంచి వచ్చింది, మనుషులు దాన్ని ఏ పని కోసం ఎంచి పెంచారు, పుట్టాక ఎలాంటి నీళ్లలో ఏం తిని పెరిగింది అనే మూడు సంగతులూ ఒంటి ఆకారంలో కలిసిపోయి ఉంటాయి. వీటిలో మూడోదాన్ని మనం మరీ తక్కువగా లెక్కిస్తున్నాం. రామగుండం లాంటి ఎండల ఊళ్లో ఆ పొరపాటు ఇంకా ఖరీదైనది.

తేడాలు తెలియాలంటే ముందు మూలరూపం తెలియాలి. అడవి బెట్టా పొడవు ఆరు సెంటీమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. ఒళ్లు ముందుభాగంలో దాదాపు గుండ్రంగా, వెనక్కి పోయేకొద్దీ రెండు పక్కలా నొక్కినట్టు పలచబడుతుంది. మూతి కొంచెం పైకి తిరిగి ఉంటుంది, ఎందుకంటే దాని తిండిలో ఎక్కువ భాగం నీటిమట్టం దగ్గరే దొరికే దోమపిల్లలు, చిన్న పురుగులు. వీపు రెక్క చిన్నది, అదీ వీపు మధ్య దాటాక వెనకెక్కడో మొదలవుతుంది. కింది రెక్క మాత్రం కడుపు దగ్గర నుంచి తోక మొదలు దాకా పొడవుగా సాగుతుంది. పైన కొంచెం, కింద ఎక్కువ ఉన్న ఈ అసమత్వం బెట్టా ఒంటికి గుర్తు. మూతి కొస నుంచి నుదురు మీదుగా వీపు రెక్క మొదలు దాకా గీసిన గీత ఎక్కడా గుంట పడకుండా, గూని కట్టకుండా, మెల్లగా లేచి మెల్లగా దిగుతుంది. తర్వాతి వందల ఏళ్లలో మనుషులు చేసిన మార్పులన్నిటినీ ఈ గీత, ఈ అసమత్వం, ఈ తోక మొదలు మందం అనే మూడు చోట్లా కొలిచి చూడొచ్చు.

స్ప్లెండెన్స్ ఒక్కటే కాదు, దానికి దగ్గరి చుట్టాలు కూడా ఉన్నాయి. దక్షిణ థాయిలాండ్, మలయా ద్వీపకల్పంలోని ఇంబెల్లిస్, ఈశాన్య థాయిలాండ్, లావోస్‌లలోని స్మరాగ్డినా, బ్యాంకాక్ దగ్గరి ఉప్పునీటి మడుగుల్లోని మహాచాయెన్సిస్ అలాంటివి. మహాచాయెన్సిస్‌ను శాస్త్రలోకం వేరు జాతిగా పేరు పెట్టి గుర్తించింది 2012లోనే. ఈ చుట్టాల ఒళ్లు సన్నగా, పొడవుగా ఉంటాయి. ఇవి స్ప్లెండెన్స్‌తో కలిసి పిల్లలు పెట్టగలవు, పెంపకందార్లు కొత్త రంగుల కోసం కలిపారు కూడా. 2022లో సైన్స్ అడ్వాన్సెస్ పత్రికలో వచ్చిన రెండు వేర్వేరు జన్యు అధ్యయనాలూ పెంపుడు బెట్టాలో అడవి జాతుల రక్తం బాగా కలిసిందని తేల్చాయి. ఐదు జాతులకు చెందిన 98 చేపలను పరిశీలించిన అధ్యయనమైతే కలయిక రెండు వైపులా జరిగిందని, అంటే పెంపుడు చేపల జన్యువులు అడవి చేపల్లోకి కూడా చేరాయని చూపింది. కాబట్టి దుకాణంలో ఒకే తోక, ఒకే రంగు ఉన్న రెండు చేపల్లో ఒకటి సన్నగా, ఇంకొకటి దిట్టంగా ఉంటే మొదటిదానికి తిండి చాలలేదని తొందరపడి అనుకోకూడదు. ముత్తాతల్లో ఒక స్మరాగ్డినా ఉండి ఉండొచ్చు.

ఈ కలగాపులగం శాస్త్రజ్ఞులనే తికమక పెట్టింది. ఈస్టిండియా కంపెనీ కొలువులో ఉన్న డేనిష్ వైద్యుడు థియోడోర్ కాంటర్ 1849లో కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీ పత్రికలో మలయా చేపల పట్టిక ప్రచురిస్తూ ఈ చేపను మాక్రోపోడస్ పగ్నాక్స్ అనే పేరు కింద వర్ణించాడు. ఆ పేరు నిజానికి చెందాల్సింది వేరే బెట్టాకని గుర్తించి, 1910లో చార్లెస్ టేట్ రీగన్ దీనికి స్ప్లెండెన్స్ అనే పేరు పెట్టాడు. 1927లో కాలిఫోర్నియాకు సియాం నుంచి వచ్చిన చేపల్లో లేత ఒళ్లు, ఎర్ర రెక్కలు ఉన్నవి కనిపిస్తే, దిగుమతి చేసుకున్న ఫ్రాంక్ లాక్ వాటిని కొత్త జాతే అనుకుని బెట్టా కంబోడియా అన్నాడు. అది జాతి కాదు, రంగు భేదం మాత్రమే. కంబోడియన్ అనే మాట ఇప్పటికీ ఆ రంగుకు పేరుగా నిలిచిపోయింది. రంగు, రెక్కలు కంటికి ముందుగా తగులుతాయి కాబట్టి వాటి మీదే వర్గీకరణ కట్టేయడం కొత్త అలవాటేమీ కాదు.

ఒంటిని బట్టి చేపను అంచనా కట్టిన వాళ్లు ఎవరంటే థాయి పందెగాళ్లు. వాళ్లు అందం కోసం కాదు, పోటీ కోసం చేపను పెంచారు. జన్యు ఆధారాల ప్రకారం ఈ మచ్చిక కనీసం వెయ్యేళ్ల కిందటే మొదలైంది. పోట్లాటలో పొడవాటి రెక్క భారమే తప్ప బలం కాదు, అందుకే పందెం చేపలైన ప్లకాట్ల రెక్కలు పొట్టిగా ఉండిపోయి ఎంపికంతా ఒంటి మీదే సాగింది. మందమైన చర్మం, గట్టి పొలుసులు, వెడల్పాటి దవడ, బలమైన తోక మొదలు చూసేవాళ్లు. ఒంటి తీరును వాళ్లు తమ కాలువల్లోని ఇతర చేపలతో పోల్చి చెబుతారు. గుండ్రంగా, పొడవుగా, తల బరువుగా ఉన్నది కొర్రమీను తీరు. పొట్టిగా, లోతుగా, గుత్తంగా ఉన్నది అనాబాస్ తీరు. ముఖం కొంచెం పైకి లేచి, ఒళ్లు పలకలా ఉన్నది నోటోప్టెరస్ తీరు. ఈ పోలికలు తెలంగాణ పాఠకులకు కొత్త కావు, ఎందుకంటే కొర్రమీనును రాష్ట్ర చేపగా ప్రకటించుకున్నాం, మృగశిర కార్తె నాడు దాని ధర చూసి నిట్టూరుస్తాం. కొర్రమీను కూడా బెట్టాకు మరీ దూరపు చుట్టం కాదు. పైగాలి పీల్చే అవయవం దానికీ ఉంది, రెండూ ఒకే వంశవృక్షంలో పక్కపక్క కొమ్మలు. పందెగాళ్ల వర్గీకరణలో తోక ప్రస్తావన లేకపోవడం గమనించదగ్గది. పని తెలిసినవాళ్లు ఒంటినే చూశారు. అలాగని ఆ పనిని మెచ్చుకోవలసిన అవసరం లేదు. జంతువులను కొట్లాటకు ఉసిగొల్పడం మన దేశంలో 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద నేరం.

రెక్కల కోసం ఎంపిక మొదలయ్యాక కథ మారింది. జారిపోయే పైట లాంటి తోక ఉన్న వెయిల్‌టెయిల్ అన్నిటికన్నా పాతది, ఇప్పటికీ చవగ్గా దొరికేది. దాని ఒళ్లు చాలావరకు మూలరూపానికి దగ్గరగానే, కొంచెం పొడవుగా ఉంటుంది. క్రౌన్‌టెయిల్ 1997 ప్రాంతంలో ఇండోనేషియాలో పేరుకెక్కింది. రెక్కల పొర వెనక్కి తగ్గి ఎముక కాడలు ముళ్లలా బయటికి పొడుచుకొస్తాయి, ఒళ్లు మాత్రం తరచుగా సన్నగానే ఉంటుంది. తోకను 180 డిగ్రీలు విప్పే హాఫ్‌మూన్‌ను 1980ల చివర్లో, 1990లలో అమెరికా, ఫ్రాన్స్ పెంపకందార్లు స్థిరపరిచారు. అంత విసనకర్రను మోయాలంటే తోక మొదలు వెడల్పుగా ఉండాలి, దాన్ని అదుపు చేసే కండరం ఉండాలి. తోక మారుతుంటే ఒళ్లు కూడా మారక తప్పని మొదటి సందర్భం ఇదే. హాఫ్‌మూన్ తోకనూ ప్లకాట్ పొట్టి రెక్కలనూ కలిపిన ప్రదర్శన ప్లకాట్‌లో ఈ మార్పు ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. పందెం ప్లకాట్ పక్కన దాన్ని ఉంచి చూస్తే ఒళ్లు పొట్టిబడి, లోతు పెరిగి, వీపు గీత ఎత్తయింది. పేరు రెండిటికీ ప్లకాటే, కానీ ఒకటి ఈదడానికి, ఇంకొకటి నిలబడి చూపించుకోవడానికి తయారైన ఒళ్లు.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం వస్తుంది. పైన చెప్పిన 98 చేపల అధ్యయనమే బెట్టా రంగునూ, ఒక్కో రెక్క ఆకారాన్నీ పెద్ద ప్రభావం చూపే వేర్వేరు జన్యువులు నడిపిస్తున్నాయని, వాటిలో ఎక్కువ భాగం ఒకదానితో ఒకటి ముడిపడి లేవని తేల్చింది. అదే ఏడాది 727 చేపలను పరిశీలించిన రెండో అధ్యయనం పొడవాటి రెక్కలను కెసిఎన్‌జె15 అనే జన్యువున్న చోటుతో ముడిపెట్టింది. అంటే రెక్క వేరు, ఒళ్లు వేరు, దేనికదే మారుతుందన్నమాట. మరి ఒంటి తీరుతో తోకకు సంబంధమేమిటి, తోకలను బట్టి విడివిడిగా రకాలు చేస్తే తప్పేమిటి అని అడగొచ్చు. ఆ ఫలితాలు నిజమే, కానీ వాటి నుంచి వచ్చే ముగింపు అభ్యంతరం చెప్పేవారు ఆశించినది కాదు. రెక్కా ఒళ్లూ విడివిడిగా మారతాయంటే తోక పేరు ఒంటి గురించి పెద్దగా ఏమీ చెప్పదని అర్థం. క్రౌన్‌టెయిల్ అని రాసిన సీసాలో పొడవాటి ఒళ్లూ ఉండొచ్చు, పొట్టి ఒళ్లూ ఉండొచ్చు, వంకర ఒళ్లూ ఉండొచ్చు. పేరు ఆ మూడింటినీ ఒకే ధరకు అమ్ముతుంది. ఒంటిని విడిగా చూడాల్సిన అవసరాన్ని ఈ పరిశోధన తగ్గించలేదు, పెంచింది.

పైగా నియమానికి ఒక పెద్ద మినహాయింపు ఉంది. తోక రెండు పాయలుగా చీలినట్టుండే డబుల్‌టెయిల్‌లో మార్పు తోకతో ఆగదు. వీపు రెక్క మొదలు ముందుకు జరిగి, వెడల్పయి, దాదాపు కింది రెక్కంత పొడవవుతుంది. ఒళ్లు పొట్టిబడుతుంది, పై సగం కింది సగానికి అద్దంలో ప్రతిబింబంలా తయారవుతుంది. ఇలా ఎందుకు జరుగుతుందో 2021లో తెలిసింది. ఒకే ఒక్క ప్రధాన జన్యుస్థానం దీనికి కారణమని, జిక్1, జిక్4 అనే రెండు జన్యువులను కలిపి పనిచేయించే డిఎన్ఎ ముక్క ఒకటి ఊడిపోవడం వల్ల ఇది వస్తున్నట్టుందని ఆ అధ్యయనం చెప్పింది. ఈ రెండు జన్యువులు చేప వీపు భాగాన్ని వీపుగా తీర్చే పనిలో ఉంటాయి. జపాన్ మెడాకా చేపలో అవే జన్యువులు దెబ్బతింటే వీపు రెక్క కింది రెక్కకు నకలుగా మారి, ఒళ్లు కన్నీటిబొట్టు ఆకారానికి వస్తుందని అంతకుముందే తెలుసు. కాబట్టి డబుల్‌టెయిల్ అన్న పేరే పక్కదారి పట్టించేది. చీలిన తోక ఆ మార్పులో ఒక పక్క ఫలితం. అసలు మారింది వీపు, దానితో పాటు వెన్నెముక.

ఈ జన్యుమార్పు ఒక్క కాపీలోనే ఉన్న చేప తోక చీలదు, కానీ వీపు రెక్క వెడల్పవుతుంది. పెంపకందార్లకు ఆ వెడల్పు కావాలి, ఎందుకంటే హాఫ్‌మూన్ విప్పుకున్నప్పుడు పైన ఖాళీ లేకుండా నిండుగా కనిపిస్తుంది. అందుకని డబుల్‌టెయిల్‌ను హాఫ్‌మూన్ వంశాల్లో పదే పదే కలిపారు. దాంతో పొట్టి ఒళ్లు, ఎత్తు వీపు కూడా దొంగచాటుగా వచ్చి చేరాయి. డబుల్‌టెయిల్‌ను డబుల్‌టెయిల్‌తోనే జతకట్టించుకుంటూ పోతే గూని, వెన్ను వంకర ఎక్కువవుతాయని పెంపకందార్లందరికీ తెలుసు, అందుకే మధ్యలో మామూలు తోక చేపను కలపమంటారు. గోదావరిఖని దుకాణంలో కొన్న హాఫ్‌మూన్‌కు నుదుటి వెనక గరిటె గుంట లాంటిదో, వీపు రెక్క ముందు మోపురమో కనిపిస్తే అది అక్కడి నీళ్ల తప్పు కాకపోవచ్చు. వెడల్పాటి వీపు రెక్క కోసం ఎన్నో తరాల కిందట ఎవరో చెల్లించిన మూల్యం కావచ్చు.

జెయింట్ బెట్టా సంగతి దీనికి పూర్తిగా భిన్నం. మామూలు బెట్టా కన్నా ఒకటిన్నర నుంచి రెండు రెట్లు పెరిగే ఈ చేపలు థాయిలాండ్ పెంపకందార్లు పెద్దవాటిని ఏరి ఏరి జతకట్టించగా వచ్చాయి. 727 చేపల అధ్యయనం ఈ పెరుగుదలలో ప్రధాన పాత్రను ఎనిమిదో క్రోమోజోమ్ మీది ఒక స్థానానికి ఇచ్చింది. పెద్దదైనంత మాత్రాన ఒంటి నిష్పత్తి చెడాల్సిన పని లేదు. మంచి జెయింట్‌లో పొడవూ లోతూ కలిసే పెరుగుతాయి. చెంపరెక్కలు ఏనుగు చెవుల్లా విప్పారే డంబో రకంలో ఒళ్లు మారదు, కెసిఎన్‌హెచ్8 అనే జన్యువు పనితీరులో తేడా వల్ల రెక్కలు మాత్రమే పెరుగుతాయి. అయితే చెంపరెక్కలు బెట్టాకు తెడ్లు, నెమ్మదిగా ఈదేటప్పుడు వాటితోనే దారి సరిచూసుకుంటుంది. అవి మరీ బరువైతే చేప అడుగున కూర్చునే సమయం పెరిగి, కదలిక తగ్గి, కొన్ని నెలల్లో ఒళ్లు బరువెక్కుతుంది. జన్యువు ఒంటిని ముట్టుకోకపోయినా జీవనం ముట్టుకుంటుందన్నమాట.

ఆడ, మగ, వయసు తేడాలు చాలామందిని పొరపాటు పడేలా చేస్తాయి. ఆడ బెట్టా పొట్టిగా, కడుపు దగ్గర లోతుగా ఉంటుంది. గుడ్లు నిండినప్పుడు పొట్ట ఇంకా ఉబ్బి, కడుపు కింద చిన్న తెల్లచుక్క కనిపిస్తుంది. అది జబ్బు కాదు. మగది పొడవుగా ఉండి, మొప్పమూత కింద గడ్డం లాంటి పొరను చాపుతుంది. మూడు నెలల పిల్లకు తల పెద్దగా, ఒళ్లు చిన్నగా కనిపిస్తే నిష్పత్తి ఇంకా కుదరలేదని అర్థం. రెండేళ్లు దాటిన చేపకు నడుము దగ్గర కండ తగ్గి వీపు కొంచెం వంగడం సహజమే. బెట్టా ఆయుష్షు సాధారణంగా రెండు నుంచి నాలుగేళ్లు.

పెంపకం సంగతికి వస్తే, ఒంటి తీరు అంతా రక్తంలో ఉన్నదే అనేవారికి ఒకే కాన్పు చేపలే జవాబు. మగ బెట్టా నురగగూడు కట్టి, గుడ్లను నోటితో ఏరి అందులో పెట్టి కాస్తుంది. ఒకటి రెండు రోజుల్లో గుడ్లు పొదుగుతాయి, ఒక్క కాన్పులో వందల పిల్లలు రావచ్చు. ఒకే తల్లిదండ్రుల పిల్లలైనా మూడో నెలకు కొన్ని దిట్టంగా, కొన్ని సన్నగా, కొన్ని తల మాత్రమే పెరిగి ఒళ్లు ఆగిపోయినట్టుగా కనిపిస్తాయి. ముందుగా పెద్దదైన పిల్ల తిండి దగ్గర ముందుంటుంది, వెనకబడినది ఇంకా వెనకబడుతుంది. మగపిల్లలు కొట్టుకోవడం మొదలవగానే విడి సీసాల్లోకి మార్చేస్తారు. చిన్న సీసాలో నీళ్లు మార్చకపోతే అమోనియా పేరుకుంటుంది, చేప తిండి తగ్గిస్తుంది, పెరుగుదల నిలిచిపోతుంది. పుట్టుకతో పొట్టి చేపకూ ఇలా గిడసబారిన చేపకూ తేడా చూడగలిగితే తెలుస్తుంది. మొదటిదానికి కన్ను, తల, ఒళ్లు ఒకే నిష్పత్తిలో ఉంటాయి. రెండోదానికి కన్ను ఒంటికి మించి పెద్దగా కనిపిస్తుంది, ఎందుకంటే ఒళ్లు ఆగినంతగా కన్ను ఆగదు.

బొగ్గుబెల్టుకు ప్రత్యేకంగా వర్తించేది వేడి. పెద్దపల్లి జిల్లాలోని రామగుండం ఎండాకాలం వాతావరణ వార్తల్లో తరచూ వినిపించే పేరు, అక్కడ 45 డిగ్రీలు దాటడం కొత్త కాదు. అదే ఊళ్లో డిసెంబరు, జనవరి రాత్రులు 15 డిగ్రీల కిందికి దిగుతాయి. బెట్టాకు హాయి 24 నుంచి 28 డిగ్రీల నీళ్లు. పెద్ద తొట్టిలో నీళ్లు నెమ్మదిగా వేడెక్కి నెమ్మదిగా చల్లబడతాయి, కానీ లీటరు సీసా గదితో పాటే ఎక్కి గదితో పాటే దిగుతుంది. చేప చల్లనెత్తురు జీవి, నీటి వేడే దాని ఒంటి వేడి. మే నెలలో నీళ్లు 32 దాటితే ఒంట్లో ఇంధనం ఖర్చు పెరుగుతుంది, నీటిలో కరిగిన ఆక్సిజన్ తగ్గుతుంది, తిన్నది ఒంటికి పట్టక వీపు పలచబడుతుంది. జనవరిలో అరుగుదల మందగించి, వేసిన మేత అలాగే కడుపులో ఉండి పొట్ట ఉబ్బుతుంది. ఒకే చేప రెండు కాలాల్లో రెండు ఒళ్లతో కనిపించడానికి కారణం ఇదే. సీసా కింద బల్బు వెలిగించి వేడి చేయడం కన్నా, శీతాకాలంలో చిన్న హీటరూ, ఎండాకాలంలో ఎక్కువ నీళ్లు పట్టే తొట్టీ, కిటికీకి దూరమూ ఎక్కువ ఉపయోగం.

పెరిగిన చేప మీద వేడి ప్రభావం తాత్కాలికం, గుడ్డు మీద పడిన ప్రభావం శాశ్వతం. చల్లటి నీళ్ల చేపలకు వెన్నుపూసలు ఎక్కువ ఉంటాయని 19వ శతాబ్దం చివర్లో అమెరికా శాస్త్రజ్ఞుడు డేవిడ్ స్టార్ జోర్డాన్ ఎత్తిచూపాడు. తర్వాత ట్రౌట్ వంటి చేపల మీద జరిగిన ప్రయోగాలు పిండం ఎదిగేటప్పటి ఉష్ణోగ్రతే వెన్నుపూసల సంఖ్యను కొంతవరకు మార్చగలదని చూపాయి. జాతికి సరిపడని వేడిలో ఎదిగిన పిండాల్లో వెన్ను లోపాలు పెరగడం పెంపకపు చేపల్లో బాగా తెలిసిన సంగతే. ఇంటి దగ్గర సరదాగా బెట్టాలను జతకట్టించేవారు గోదావరిఖనిలో ఏప్రిల్, మే నెలలు వదిలేసి వర్షాలు పడ్డాక ఆ పని చేయడం మంచిది. పైగాలి తేమగా ఉండటం లాబిరింత్ ఏర్పడే వారాల్లో పిల్లలకు మేలు కూడా.

తిండి విషయంలో తప్పు రెండు వైపులా జరుగుతుంది. బెట్టా ప్రధానంగా మాంసాహారి. పిండి ఎక్కువగా ఉన్న చవక గుళికల మీద పెరిగిన చేప పొట్ట దగ్గర గుండ్రంగా, వీపు మీద కండ లేకుండా ఉంటుంది. పైనుంచి చూస్తే ఈ తేడా పట్టుబడుతుంది. ఆరోగ్యమైన చేప తల వెనక వెడల్పుగా మొదలై తోక దాకా సమంగా సన్నబడుతుంది. తిండి చాలనిది తల దగ్గర వెడల్పుగా ఉండి వెంటనే కత్తి అంచులా పలచబడుతుంది. ఎక్కువ తిన్నది మధ్యలో రెండు పక్కలకూ ఉబికి ఉంటుంది. మూడు షిఫ్టుల ఇళ్లలో మొదటి షిఫ్టుకు పోతూ తండ్రి వేసిన మేతనే బడి నుంచి వచ్చిన పిల్లలు మళ్లీ వేయడం సహజంగా జరిగే పని, అందుకే వేసేది ఎవరో ఒకరని ఇంట్లో అనుకోవడం అవసరం. విటమిన్ సి చాలకపోతే పెరిగే చేపకు వెన్ను పక్కకు గానీ కిందికి గానీ వంగుతుందని పెంపక శాస్త్రం ఎప్పుడో రుజువు చేసింది. ఏడాదిగా మూత తీసి ఉన్న మేత డబ్బాలో ఆ విటమిన్ మిగలదు.

ఇప్పుడు అందరూ వేసే ప్రశ్న. అడవిలో ఇది గేదె గిట్ట గుంటలో కూడా బతుకుతుందంటారు కదా, అలాంటప్పుడు సీసాలో ఉంచితే ఒళ్లెందుకు చెడుతుంది అని. ఎండాకాలంలో నీళ్లు ఇంకిపోయినప్పుడు గుంటల్లో మిగిలిన చేపలు కనిపించిన మాట నిజమే. అవి అక్కడ బతకడానికి పోలేదు, చిక్కుకుపోయాయి. మిగతా ఏడాది అంతా వరిమడి మొత్తం వాటిది. లోతు తక్కువైనా విశాలమైన నీళ్లవి, గడ్డిలో దూరుతూ వేటాడుతూ రోజంతా కదిలే చోటు. తోక మొదలు కండ అలాంటి కదలికతోనే గట్టిపడుతుంది. కదలిక లేని చేపకు అదే జన్యువులున్నా ఆ కండ రాదు. లాబిరింత్ వల్ల బెట్టా చెడు నీళ్లలో చావకుండా ఉంటుంది. చావకపోవడాన్ని బాగుండటంగా పొరబడటం మన అలవాటు. పైగా లాబిరింత్ పనిచేయాలంటే నీటి పైభాగం తేటగా ఉండాలి. ఓపెన్‌కాస్టు గనుల దుమ్ము వాలే ఊళ్లలో మూత లేని సీసా మీద తెట్టె కట్టే అవకాశం ఎక్కువ. సన్నటి జాలీ మూత పెడితే తెట్టె తగ్గుతుంది, చేప ఎగిరి బయట పడటం కూడా తప్పుతుంది.

మిగిలిన అభ్యంతరం అందానిది. పొట్టి ఒళ్లు, ఎత్తు వీపు, ఒంటికి మూడింతల రెక్కలు మనుషులకు నచ్చాయి. ఎంపిక చేసిందీ మనుషులే. అలాంటప్పుడు అడవి రూపమే ప్రమాణమని అనడం ఎందుకని కొందరు వాదిస్తారు. ఇది తోసిపుచ్చదగ్గ వాదన కాదు. ఆవులనూ కోళ్లనూ కుక్కలనూ మనం మార్చుకుంటూనే వచ్చాం. అడవి రూపాన్ని ప్రమాణం చేయనక్కరలేదు, చేప చేసుకోవలసిన పనులను ప్రమాణం చేస్తే చాలు. అది పైకి వచ్చి గాలి పీల్చుకోగలగాలి, తిండిని తరిమి పట్టుకోగలగాలి, నీటి మధ్యలో ఒరగకుండా నిలవగలగాలి. 1966లో ఏర్పడిన అంతర్జాతీయ బెట్టా కాంగ్రెస్ ప్రదర్శనల్లో రెక్కలకు ఎన్ని మార్కులిచ్చినా వంకర వెన్ను, గూని, గుంట నుదురు లోపాలే. అందాన్ని కొలిచేవాళ్లే అక్కడ గీత గీశారు. రెక్క కాడలు పూరేకుల్లా మితిమీరి చీలే రోజ్‌టెయిల్ ఆ గీతకు దగ్గర్లో ఉంది. తన తోక బరువు మోయలేక ఆకు మీదో, అడుగునో ఒరిగి, కొన్నిసార్లు ఆ తోకనే కొరుక్కునే చేపను అందమైనదని చెప్పడానికి ఒప్పుకోబుద్ధి కాదు.

పుట్టుకతో వచ్చిన వంకరనూ తర్వాత వచ్చిన వంకరనూ వేరు చేయడం కొనేవారికి ఎక్కువ ఉపయోగపడే నేర్పు. పుట్టు వంకర మారదు, చేప చురుగ్గా ఉంటుంది, రంగు తగ్గదు. కొన్నాళ్లలో కొత్తగా మొదలైన వంకర, దానితో పాటు చిక్కిపోవడం, పుండ్లు, రంగు వెలిసిపోవడం కనిపిస్తే చేపల క్షయ అని పిలిచే మైకోబాక్టీరియా జబ్బును అనుమానించాలి. ఈ క్రిముల్లో ఒకటైన మైకోబాక్టీరియం మెరైనమ్ కోసుకున్న చర్మం గుండా మనిషి చేతికీ సోకి మానని గడ్డలు కట్టిస్తుంది, కాబట్టి చేతికి గాయాలున్నప్పుడు వట్టి చేయి తొట్టిలో పెట్టకూడదు. పొట్ట ఉబ్బడంతో పాటు పొలుసులు పైనుంచి చూస్తే నిక్కబొడుచుకుని కనిపిస్తే అది తిండి ఎక్కువై కాదు, లోపలి అవయవాలు పనిచేయక నీరు చేరడం. గాలితిత్తి దెబ్బతిన్న చేప ఒక పక్కకు ఒరుగుతుంది. పిల్లదశలో ఆ తిత్తి సరిగ్గా నిండకపోతే వెన్ను కూడా కిందికి వంగి స్థిరపడుతుంది.

చెన్నైలోని కొళత్తూరు, కోల్‌కతాలోని గాలిఫ్ స్ట్రీట్ లాంటి బజార్లు దేశమంతా పేరున్న అలంకార చేపల కేంద్రాలు. ఢిల్లీ–చెన్నై రైలు మార్గం మీదున్న రామగుండానికి అలాంటి చోట్ల నుంచి చేరే చేప ఇరుకు సంచిలో, మేత లేకుండా ప్రయాణించి వస్తుంది. దిగిన రోజున ఏ బెట్టా ఒళ్లూ దాని నిజమైన ఒళ్లు కాదు. పొట్ట లోపలికి పోయి, రంగు తగ్గి ఉంటుంది. వారం తర్వాత అదే సీసాలో పక్కనుంచి వీపు గీతనూ, పైనుంచి కండనూ, ఎదురుగా రెండు కళ్ల సమానతనూ చూసి కొంటే తోక పేరు చెప్పని సంగతులు తెలుస్తాయి. పుట్టు వంకర ఉన్న చేపను ఇంట్లో హాయిగా ఉంచుకోవచ్చు, తొట్టి లోతు తగ్గిస్తే పైగాలికి రావడం దానికి సులువవుతుంది. జతకు మాత్రం కట్టకూడదు. పెంచలేక వదిలించుకోవాలనుకున్నప్పుడు గోదావరి కాలువలోకి వదలడం అంతకన్నా తప్పు. ఆస్ట్రేలియా ఉత్తర ప్రాంతంలోని అడిలైడ్ నది మైదానంలో ఇలా బయటపడిన బెట్టాలు స్థిరపడి అక్కడి ప్రభుత్వానికి తలనొప్పిగా మారాయి. తిరిగి తీసుకునే దుకాణానికో, పెంచగలిగిన ఇంటికో ఇవ్వడమే సరైన పద్ధతి.